పత్తికట్టె మంటలు - కర్బన పరిశ్రమ

ఫాల్గుణమాసమున జనగామనుండి స్టేషన్ ఘనపురము వైపు సాయంకాలపు వేళ ప్రయాణము చేయువారికి రఘునాథపల్లి చుట్టుపట్ల నొక దృశ్యము కన్నులబడును. పత్తి యేరుట ముగిసిన చెల్కలలో కట్టె పెరికి, గట్లవెంట కుప్పలు వేసి, నిప్పు పెట్టుచుందురు. చీకటిపడుసరికి దూరదూరముగా మంటలు కానవచ్చును; పొగ రహదారిమీదికి దిగివచ్చును. మేమా దారిని పోవుచు నొక చేనికడ నాగి, ఇట్లేల కాల్చుచున్నారని యడిగితిమి. "గ్యాసుపొయ్యిలు వచ్చినంక ఈ కట్టె నెవరడుగుతరు సారూ? పీకిన కూలి మామీదనే పడె. ఊకెనే ఇస్తమన్నా మోసుకపోయెటోళ్లు లేరు" అని యొక రైతు చెప్పెను.

ఈ యుత్తరమునకు ప్రత్యుత్తరము మాకడ లేకపోయెను. గులాబిరంగు కాయతొలుచు పురుగు కట్టెను, ఎండిన కాయలను ఆశ్రయించి మరుసటి పైరునకు ప్రాకునని, కట్టెను చేనిలో నిలువనీయరాదని వ్యవసాయశాఖవారే చెప్పుచున్నారు. కట్టె తీయుట తప్పదు, కొనువాడు లేడు, మోయుటకు కూలి గిట్టదు. ఇట్టి స్థితిలో నిప్పుపెట్టుట యజ్ఞానమని పట్టణములలో కూర్చుండి రైతును నిందించుట న్యాయము కాదు. కాని యా మంటలో పోవుచున్న దేమియో, దానికొరకు అన్యదేశములు నేడెట్లు వెదకులాడుచున్నవో యెరిగినవారికి మాత్రము ఆ దృశ్యము చూచి యూరకుండుట కష్టము.

తెలంగాణమున ఇటీవలి సంవత్సరములలో నలుబది లక్షల యెకరములకు పైబడి పత్తి సాగగుచున్నది. ఎకరమునకు ఇంచుమించుగా ఒక టన్ను కట్టె వచ్చునని స్థూలముగా లెక్కింతురు. అనగా ఏటేట నలుబది లక్షల టన్నుల కట్టె. అందు కొంత పొయ్యిలకును, ఇటుకబట్టీలకును, కొంత పెల్లలుచేసి బాయిలర్లకును పోవుచున్నను, మిగిలినదంతయు చేలలోనే మాడిపోవుచున్నది. ఈ కట్టెలో నూటికి సుమారు నలుబది పాళ్ళు సెల్యులోజు. మనము కట్టుకొను నూలుగుడ్డయు, ఈ పత్రిక యచ్చొత్తిన కాగితమును ఆ పదార్థమే. వృక్షము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, వేళ్ళగుండ తెచ్చుకొన్న నీటితో కలిపి, సూర్యరశ్మి బలముచే కట్టుకొన్న గోడ యది. దానిని గాలి చొరని పాత్రలో కాచినచో నీటి యంశములు విడిపోయి కర్బనము మిగులును. భూగర్భమునుండి త్రవ్విన బొగ్గును, చమురును ఒకసారి వాడిన మరల రావు. ఈ కర్బనము మాత్రము ప్రతి సంవత్సరమును చేనిలో మొలచును. దీనినే యిప్పుడు పునరుత్పాదక కర్బనమని వ్యవహరించుచున్నారు.

చెప్పుట కింత సులభముగా నున్న పని చేయుటలో నంత సులభము కాదు. శుద్ధమైన సెల్యులోజు నూరుపాళ్ళలో కర్బనము 44 పాళ్ళకు కొంచె మెక్కువ. కాని కాచినప్పుడు చేతికి వచ్చునది తరచుగా 20 మొదలు 30 పాళ్ళు మాత్రమే. మూడు వందల డిగ్రీల ప్రాంతమున సెల్యులోజు గొలుసు తెగి, చక్కెరజాతికి చెందిన లెవోగ్లూకోసాన్ అను పదార్థముగా మారి, తారుతో కలిసి యావిరియై పోవును. దానితో కర్బనమును పోవును. ఈ నష్టమును తగ్గింపవలెనన్న వేడిమిని మెల్లమెల్లగా హెచ్చింపవలెను. ఫాస్ఫరిక్ ఆమ్లపు లవణములవంటివానిని ముందుగా పట్టింపవలెను. ఆపై వేయి డిగ్రీలు, మేలిరకపు గ్రాఫైటు కావలెనన్న రెండువేల యైదువందలకు పైబడిన డిగ్రీలు. అడవిలో మట్టికప్పి బొగ్గుబట్టీ కాల్చు విద్యయే కదా యని తేలికగా చూచువారు ఈ సంగతి గమనింపవలెను.

అయినను మన పూర్వులకు చెట్టులోని కర్బనము విలువ తెలియనిది కాదు. దక్షిణదేశపు ఉక్కు కొలుములలో ఇనుపముక్కలతోపాటు తంగేడు కట్టెయు, జిల్లేడాకును మూసలోనుంచి మన్ను మెత్తి కాచెడివారని పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల పరిశీలకులు వ్రాసిరి. ఆ కట్టెలోని కర్బనము నినుము త్రాగి యుక్కయ్యెడిది. తెలంగాణ రాష్ట్రము తన పుష్పముగా నెన్నుకొన్న తంగేటికి ఇట్టి చరిత్ర కలదని బతుకమ్మ పేర్చువారిలో నెందరికి తెలియునో!

పాశ్చాత్యదేశములలో ఈ విద్య దీపముతో ప్రారంభమయ్యెను. అమెరికాలో ఎడిసన్ 1879లో నూలుదారమును మాడ్చి విద్యుద్దీపమునకు తీగగా వాడెను. మరుసటి సంవత్సరము వెదురునకు మారెను. మేలైన వెదురుకొరకు దేశదేశములకు మనుష్యులను పంపగా, చివరకు జపానులో క్యోటో సమీపమునందలి యవాటా వెదురు నచ్చినది. టంగ్‌స్టన్ తీగలు వచ్చిన పిమ్మట ఆ కథ ముగిసెను. 1958లో యూనియన్ కార్బైడ్ సంఘపు ప్రయోగశాలలో రోజర్ బేకన్ అను శాస్త్రజ్ఞుడు గ్రాఫైటు పోగులకుగల యద్భుతమైన బలమును కనుగొనుటతో కర్బనపు నూలు మరల లోకమున తలయెత్తెను. తరువాతి దశాబ్దమున ఆ సంఘమువారు అమ్మిన కర్బనపు నూలు రేయాన్ నుండి తయారైనదే, రేయానన్నను సెల్యులోజే. కాని 1961లో జపానువాడైన షిండో అక్రిలిక్ పోగునుండి, అనగా పెట్రోలియపు బిడ్డనుండి, కర్బనపు నూలు తీయుమార్గము చూపెను. అందు నూటికి సుమారు ఏబది పాళ్ళు చేతికి వచ్చును, బలమును హెచ్చు. అప్పటినుండి విమానపు రెక్కలకు వాడు కర్బనపు నూలంతయు చమురు దారియే పట్టినది. బెంగుళూరునందలి మన జాతీయ వైమానిక ప్రయోగశాలలు అభివృద్ధిచేసిన కర్బనపు నూలును ఈ జాతిదే.

ఇంతవరకు దూరదేశపు మాటలు చెప్పితిమి. ఇక మన యింటి మాట. రేయానునకు మూలమగు శుద్ధ సెల్యులోజు గుజ్జును తయారుచేయు కర్మాగారము ఓరుగల్లు జిల్లాలోనే యుండెనని నేటి యువకులలో చాలమందికి తెలియదు. గోదావరి యొడ్డున మంగపేట మండలమందలి కమలాపురమున ఆంధ్రప్రదేశ్ రేయాన్స్ పేరుతో వెలసిన యా కర్మాగారము గత శతాబ్దపు ఎనుబదుల తొలినాళ్ళనుండి పనిచేసి, పిమ్మట బల్లార్‌పూర్ ఇండస్ట్రీసు వారిలో కలిసెను. ఇప్పుడా ప్రాంతము ములుగు జిల్లాలోనిది. వెదురు, జామాయిలు కలపను లారీలలో తెచ్చి, ముక్కలుచేసి, రసాయనములలో నుడికించి, లిగ్నినును తీసివేసి, తెల్లని దళసరి పలకలుగా చేసి, విస్కోస్ పోగు తీయు కర్మాగారములకు పంపెడివారు. ఆ కర్మాగారమును నమ్మి చుట్టుప్రక్కల జిల్లాలలో జామాయిలు నాటిన రైతులు వేలకొలది. గుజ్జును నూలుగా వడకి, ఆ నూలును కర్బనముగా మార్చు తరువాతి రెండు మెట్లును ఈ సీమలో నెవ్వరును కట్టలేదు. మొదటిమెట్టు మాత్రము మనదై యుండెను.

2014 ఏప్రిలులో అదియు నాగిపోయెను. ముడికలప ధరయు, విద్యుత్తు ధరయు పెరిగెననియు, విదేశపు గుజ్జు చౌకగా దిగుచున్నదనియు యాజమాన్యము చెప్పెను. కొనువారు తగ్గిరి. వందలకొలది శాశ్వతోద్యోగులును, వారికంటె నెక్కువమంది కాంట్రాక్టు కూలీలును వీధిన పడిరి. జీతములు నెలలతరబడి నిలిచి, క్వార్టర్లలో దీపములు వెలుగని దినములు వచ్చినవి. ప్రభుత్వము పిమ్మట రాయితీలు ప్రకటించినది. ప్రకటనలతో యంత్రములు తిరుగలేదు. అదే సంవత్సరమున మూతబడిన సిర్పూరు కాగితపు కర్మాగారమునకు క్రొత్త యజమాని దొరకి 2018లో మరల పొగగొట్టము రాజుకొనెను. కమలాపురమున కా భాగ్యము పట్టలేదు. సిర్పూరు కాగజ్‌నగరమునందే ఒకప్పుడు సెల్యులోజునుండి కృత్రిమపు పట్టు తీసిన సిర్సిల్కు కర్మాగారము కథ గత శతాబ్దపు ఎనుబదులలోనే ముగిసినది గదా. ఒకే విద్యను ఈ సీమ రెండుసార్లు చేజార్చుకొన్నదనుట యతిశయోక్తి కాదు.

మూతబడిన కర్మాగారము విలువ యెప్పుడు తెలియునో చెప్పుటకు అమెరికాలో నొక యుదాహరణము కలదు. వర్జీనియా రాష్ట్రమున షెనండోవా నది యొడ్డున ఫ్రంట్ రాయల్ అను చిన్నపట్టణము. అచ్చట ఆవ్‌టెక్స్ అను రేయాను కర్మాగారముండెను. చవకయైన విదేశపు నూలు, ఋణములు, నదిని కలుషితము చేసినందుకు పడిన జరిమానాలు కలిసి దానిని క్రుంగదీయగా, 1988 అక్టోబరు చివర యాజమాన్యము హఠాత్తుగా తలుపులు మూసెను. అప్పుడు గాని అంతరిక్షసంస్థయైన నాసాకును, సైనికశాఖకును తెలియరాలేదు: అంతరిక్షనౌకను ఎగురవైచు ఘనఇంధన రాకెట్ల నాళములకు లోపల పూయు వేడిమికవచము కర్బనపు గుడ్డ, ఆ గుడ్డకు మూలమగు రేయాను పోగు నిచ్చునది దేశమంతటికి ఆ యొక్క కర్మాగారమే! చమురునుండి తీసిన కర్బనపు నూలు బలమున మిన్నయే గాని, వేడిమిని లోపలికి చొరనీయకుండుటలో రేయాను కర్బనమునకు సాటిరాదు. వెంటనే ప్రభుత్వధనము కుమ్మరించి ఆ కర్మాగారమును తెరిపించిరి, నిల్వలు పోసికొనిరి. ఒక సంవత్సరము గడచునప్పటికి, 1989 నవంబరులో, కాలుష్యము కారణముగా రాష్ట్రాధికారులు అనుమతి రద్దుచేయ అది శాశ్వతముగా మూతబడెను. తరువాత నాధారపడిన మరియొక కర్మాగారమును 1997లో రేయాను నిలిపివేయగా, నాసా మరల ముందుగానే నిల్వ పోసికొనవలసి వచ్చెను.

ఈ కథలో పాఠకులు రెండు సంగతులు చూడవలెను. గుజ్జు, నూలు మొదలైనవి పైకి సామాన్యపు సరకులుగా కన్పట్టును. అంగడిధర తగ్గిన వెంటనే మూయదగినవిగా లెక్కపుస్తకము చెప్పును. వాని పైమెట్టుననున్న సరకు దేశరక్షణకు ప్రాణమని ఆ లెక్కపుస్తకమునకు తెలియదు. రెండవది యంతకంటె చేదైనది. ఆ కర్మాగారము నదిని పాడుచేసెను. కార్బన్ డైసల్ఫైడు మొదలైన విషములు భూమిలోనికి, బావులలోనికి దిగెను. స్థలమును శుద్ధిచేయుటకు ప్రభుత్వమునకు దశాబ్దములు పట్టెను. చెట్టునుండి పుట్టినది కావున పవిత్రమే యనుకొనుట పొరపాటు. కమలాపురమున మరల యంత్రములు తిరుగవలెనని కోరువారిలో మేమును ఉన్నాము. గోదావరిని ఫణముగా పెట్టి మాత్రము కాదు.

ఇప్పు డీ ప్రశ్న మరల ఎందుకు తలయెత్తెనన్న, విద్యుత్తును నిల్వచేయు బ్యాటరీల మూలమున. లిథియం బ్యాటరీలో ఒకవైపు పలక గ్రాఫైటు. ప్రపంచమున గ్రాఫైటును శుద్ధిచేయు పని యధికభాగము చీనా చేతిలో నున్నది; 2023 అక్టోబరులో ఆ దేశము గ్రాఫైటు ఎగుమతులకు అనుమతిపత్రము కావలెనని ప్రకటించి, డిసెంబరునుండి అమలుపరచెను. ఇటు లిథియమునకు బదులు ఉప్పులోనున్న సోడియముతోనే పనిచేయు బ్యాటరీలు బయలుదేరినవి. సోడియము గ్రాఫైటులో సరిగా కుదురుకొనదు; దానికి కఠినకర్బన మను వేరొక జాతి కర్బనము కావలెను. ఈ కఠినకర్బనమును సెల్యులోజునుండియు, కొబ్బరిచిప్ప, గడ్డి, కట్టె మొదలైనవానినుండియు తీయవచ్చును. జపానుదేశపు కురారే సంఘము వృక్షజన్యమైన ముడిసరకుతో దానిని తయారుచేసి యిప్పటికే విక్రయించుచున్నది. మన హైదరాబాదు శివారున బాలాపురమందలి నూతనపదార్థముల పరిశోధనాకేంద్రము వారును నూలుమిల్లులలో తీసివేసిన పత్తిని కాచి, సూక్ష్మరంధ్రములుగల కర్బనపు పోగులుగా మార్చి, సూపర్‌కెపాసిటర్ అను విద్యుత్తునిల్వ సాధనమునకు వాడవచ్చునని 2021 ప్రాంతమున ప్రకటించిరి. కావున విద్య మనకు రాదని యెవ్వరు నన వీలులేదు.

ఇక రఘునాథపల్లి యెకరము లెక్కకు వత్తము. టన్ను కట్టెలో నలువది పాళ్ళ సెల్యులోజన్న నాలుగువందల కిలోలు. ఉడికించి శుద్ధిచేయుటలో కొంత పోగా మూడువందలు దక్కెననుకొందము. అందు నూటికి ఇరువదియైదు పాళ్ళు కర్బనమైనచో డెబ్బదియైదు కిలోలు. లిగ్నినును వేరుచేయకయే కట్టెను కట్టెగా పీపాలో కాల్చినచో టన్నుకు రెండువందలయేబది, మూడువందల కిలోల బొగ్గు వచ్చును. కాని యది నాసిరకము, బూడిద యెక్కువ, బ్యాటరీకి నేరుగా పనికిరాదు. పరిమాణము కావలెనన్న గుణము తగ్గును, గుణము కావలెనన్న పరిమాణము తగ్గును. ఈ రెంటి నడుమ ధరల తేడా యెంతటిదన్న, టన్నుకు లెక్కించు సరకునకును కిలోకు లెక్కించు సరకునకును గల తేడా. కొబ్బరిచిప్పల విషయమున దక్షిణదేశ మీ సంగతి చూచియే యున్నది. చిప్పను గుంటలో కాల్చి బొగ్గు చేసినవానికి దక్కినది కూలి. ఆ బొగ్గును తొమ్మిదివందల డిగ్రీల వేడిమిలో ఆవిరిపట్టి చురుకుచేసి, బంగారపు గనులకు, నీటివడపోతలకు అమ్మినవారికి దక్కినది లాభము. పత్తికట్టె విషయమున రైతు ఆ గుంటకడనే నిలిచిపోవునేమో యన్నది మా భయము. పూర్వము పత్తి యోడనెక్కి మాంచెస్టరునకు పోయి గుడ్డయై తిరిగివచ్చుటను ఖండించిన మనమే, బొగ్గు నోడకెక్కించి బ్యాటరీలను దింపుకొనుటను పరిశ్రమయని పిలుచుకొందుమా?

భూస్వాములగు పాఠకులు మరియొక ప్రశ్న వేయకపోరు: కట్టెయంతయు అమ్మినచో నేల కేమి మిగులును? ప్రశ్న సమంజసమే. మన ఎర్రచెల్కలలో సేంద్రియకర్బనము నూటికి అరపాలు కూడ లేనివి యనేకము. ఎరువుల బస్తాలతో పంట తీయుచున్నాము గాని నేలకు తిండి పెట్టుటలేదు. హైదరాబాదు సంతోష్‌నగరునందలి మెట్టవ్యవసాయ పరిశోధనాసంస్థ, క్రీడా యని యందరెరిగినది, ఇనుపపీపానే బట్టీగా మలచి పత్తికట్టె, కందికట్టె, ఆముదపుకట్టెలను గ్రామముననే బొగ్గుగా కాల్చి పొడిచేసి చేనికి వేయు పద్ధతిని చూపినది. అట్టి బొగ్గు నేలలో త్వరగా చీకిపోదు, తేమను పట్టియుంచును. నాసిరకపు బొగ్గు నేలకును, మేలైన కట్టె కర్మాగారమునకును పోవుట మాకు సముచితముగా తోచుచున్నది. ఏది యెంతయన్నది నేలను బట్టి, ధరను బట్టి రైతే నిర్ణయించుకొనవలెను. కట్టె కొనుటకు వచ్చు వర్తకుడు కాదు.

ఇట్లు నిర్ణయించు శక్తి ఒంటరి రైతునకు లేదు. ఎకరమునకు టన్నుచొప్పున చెదరియున్న తేలికపాటి కట్టెను ముప్పది మైళ్ళు మోసినచో బాడుగయే ధరను మ్రింగును. ఈ పరిశ్రమ యెక్కడ చెడినను ఇక్కడనే చెడును. రసాయనశాస్త్రమునందు కాదు, లారీ బాడుగయందు. కాబట్టి కట్టె ఊరిలోనే ముక్కలై, ఎండి, మొదటి కాల్పు ఊరిలోనే జరిగి, బరువు మూడవవంతుకు దిగిన పిమ్మటనే ప్రయాణము చేయవలెను. రఘునాథపల్లికి రైలుస్టేషనును కలదు, హైదరాబాదు రహదారియు కలదు, కావలసినది పూనికయే. ఇట్టి పనికి నమూనా కొరకు చాలదూరము పోనక్కరలేదు. 1956లో స్థాపింపబడిన ముల్కనూరు సహకార సంఘము, ఋణములిచ్చుటతో ప్రారంభించి, ధాన్యపు మిల్లు, విత్తనశుద్ధి వరకు సభ్యులైన రైతుల చేతిలోనే నిలుపుకొనినది. వడ్లు మిల్లుకు చేరకముందే ధర తెగనమ్ముకొను దుఃస్థితి తప్పించిన యా పద్ధతి పత్తికట్టెకు మాత్ర మేల పనికిరాదు?

ప్రభుత్వము 2017లో గీసుగొండ, సంగెము ప్రాంతమున కాకతీయ వస్త్రపరిశ్రమల ప్రాంగణమునకు పునాదిరాయి వేయించినది. పత్తి పువ్వునకు సంబంధించిన యాలోచన యది. కట్టెకు సంబంధించిన యాలోచన ఇంతవరకు మా కంట బడలేదు. ఓరుగల్లున జాతీయ సాంకేతిక సంస్థ యున్నది, కాకతీయ విశ్వవిద్యాలయమున్నది. మన మండలపు పత్తికట్టెలో బూడిద యెంత, సెల్యులోజెంత, ఏ మాసమున పెరికిన దేరీతినుండునని ఒక సంవత్సరము పరిశీలించి తెలుగున అచ్చువేయుట వారికి పెద్దపని కాదు. రఘునాథపల్లి మండలమున రెండుమూడు గ్రామముల కట్టెను తూచి, పెరుకుటకు కూలి యెంత, ముక్కలు చేయుట కెంత, స్టేషనుదాక బాడుగ యెంత, బొగ్గైన పిమ్మట మిగిలిన బరువెంత యని పైసలతోసహా లెక్కకట్టి ప్రకటింపవలసినదిగా జిల్లా యధికారులను మేము కోరుచున్నాము. కర్మాగారము తెత్తుమను మంత్రుల వాగ్దానముకంటె ఆ లెక్క మాకు ముందు కావలెను. ఈ యేటి కట్టె యిప్పటికే బూడిదైనది. మృగశిర కార్తెలో మరల పత్తి విత్తుదురు. ఆ పైరు కట్టె పెరుకుదినమునకు సుమారు తొమ్మిదినెలల వ్యవధి యున్నది.